ఈ చోట వెతకవద్దు

చైత్ర బహుళ విదియ

ఇవాళ దిగువ ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి చల్లగదిలో కంప్యూటర్‌ను చూసి వెళ్ళాడు. డిస్కులున్న పెట్టెకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లోపల రాయి దొర్లుతున్నట్టు చప్పుడొస్తోందని నేను పోయిన వేసవిలోనే రాసి పంపాను. ఇప్పటికి ఒప్పుకున్నాడు. వానలు పడేలోగా దీన్ని కిందికి పట్టుకుపోతారట. కరిగించి లోహం తీస్తారట. బదులుగా అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె ఒకటి ఇచ్చాడు. అందులో ఇంటికింత అని చోటు పంచి ఉంది. పాతదాంట్లో ఉన్నదానిలో నూరో వంతు కూడా పట్టదు. ఎవరికి కావలసింది వాళ్ళు వెతికి తీసుకోవాలి. మిగిలింది పోయినట్టే.

పని అయిపోయినా అతను లేవలేదు. కాసేపు కూర్చుంటానన్నాడు. ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ అదే అంటారు. మా ఎగువపేటలో పొద్దెక్కి సైరన్ మోగాక బయట తిరగకూడదు, రేకుల కింద ఇళ్ళలో ఉండలేరు. కంప్యూటర్ కోసం ఈ ఒక్క గదినే చల్లగా ఉంచుతాం.

ఈ కంప్యూటర్లో ఉన్నది మా ఊరు నీలరేవు. తుఫాను ముంచుకొచ్చి మమ్మల్ని బస్సుల్లో కొండెక్కించినప్పుడు, శిబిరంలో అందరి ఫోన్లూ వరసగా తగిలించి, ఉన్నదంతా ఇందులోకి లాగారు. కొండ మీద టవర్లు లేవు. ఆ ఫోన్లు తర్వాత దేనికీ పనికిరాలేదు. ఊరు సముద్రం అడుగున ఉంది. ఊళ్ళో పెళ్ళిళ్ళు, పిల్లల నవ్వులు, పోయినవాళ్ళ గొంతులు ఈ డిస్కుల్లో ఉన్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండడం, రోజూ ఏం జరిగిందో రాసి పెట్టడం నా పని. నా పేరు వరాలు. నేను తేదీలు తిథుల్లో రాయడం ఆఫీసువాళ్ళకు గిట్టదు. సముద్రం పోటూ పాటూ తిథిని బట్టే చూసుకున్నవాళ్ళం మేము. సముద్రం కనబడకుండా పోయినా ఆ లెక్క మాత్రం నోట్లోంచి పోలేదు.

చైత్ర బహుళ షష్ఠి

నాలుగు రోజులుగా కబురందిన వాళ్ళంతా వస్తున్నారు. ఇప్పటిదాకా ఎవరైనా ఏదైనా అడిగితే వాళ్ళ ఫోల్డర్ తెరిచి, లోపల ఇంకో ఫోల్డర్, దాంట్లో ఇంకోటి, ఇలా ఒక్కొక్కటీ తెరిచి చూపించేదాన్ని. ఫైళ్ళకు ఫోన్లు పెట్టిన పేర్లు ఉత్త అంకెలు. ఒక ఇంటి పని తెమలడానికి పొద్దంతా పడుతోంది. పైగా తెరిచిన ప్రతిసారీ డిస్కు మూలుగుతోంది. ఇలాగైతే సగం ఊరికి కూడా నా చేతి మీదుగా ఏమీ అందదు.

తెర మీద పై మూలన వెతికే గడి ఒకటి మొదటినుంచీ ఉంది. నేను వాడను. పేరు కొడితే సాయంత్రం దాకా తిరుగుతూ కూర్చునేది. ఇవాళ సైరన్ తర్వాత ఒంటరిగా కూర్చుని, దాని గురించి కంప్యూటర్లోనే ఉన్న సహాయం పేజీలు చదివాను. తప్పు గడిది కాదు. విద్యుత్తు ఆదా అవుతుందని, దీన్ని ఇక్కడ నిలబెట్టినవాళ్ళు సూచిక తయారుచేసే పనిని ఆపేసి పెట్టారు. సూచిక లేకపోతే అది కూడా నాలాగే ఒక్కో తలుపూ తీసి చూడాల్సిందే. సూచిక ఉంటే, ఒక్కసారి మొత్తం చదివేసి ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత డిస్కు జోలికి పోకుండానే జవాబు చెబుతుంది.

ఇన్నేళ్ళూ అది నా కళ్ళెదుటే ఉంది.

చైత్ర బహుళ ద్వాదశి

దమయంతి దగ్గరికి వెళ్ళాను. ఈ పేటకు ప్రెసిడెంటు ఆమే. సూచిక తయారు కావాలంటే కంప్యూటర్ రాత్రింబవళ్ళు ఆగకుండా నడవాలని, అందుకు నీళ్ళ మోటారుకిచ్చే కరెంటు నాకు కావాలని చెప్పాను. ఇంకో సంగతి కూడా దాచలేదు. జబ్బుపడ్డ డిస్కులు. మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన చదివిస్తే తట్టుకోకపోవచ్చు. చదివించకపోతే ఎలాగూ వానలకు పోతాయి.

ఆమె అందరినీ పిలిచి కూర్చోబెట్టింది. మోటారు ఆగితే ఊటబావి నుంచి బిందెలతో మోసుకోవాలని కొందరు గొణిగారు. ఉన్నది కూడా పోతే ఎవరిదీ పూచీ అని ఒకరడిగారు. దమయంతి అందరినీ మాట్లాడనిచ్చి, చివర్న తన మాట చెప్పింది.

“కూకుని సూత్తే అంతా పోద్ది. దిగితే కొంత పోద్ది. దిగుదారి. పూచీ నాది.”

దిగుదామన్న ఆ మాట మీద అందరూ లేచారు.

చైత్ర అమావాస్య

ఇవాళ సూచిక మొదలుపెట్టాను. మొదలుపెట్టే ముందు కంప్యూటర్ కొన్ని అడిగింది. ఏయే రకం ఫైళ్ళు చూడాలి, పేర్లు మాత్రమేనా లోపలి మాటలు కూడానా అని. అన్నిటికీ అవుననే చెప్పాను. ఆఖర్న ఒక ఖాళీ వరస చూపించింది. దాని మీద ‘ఈ చోట వెతకవద్దు’ అని ఉంది. చూడకుండా వదిలెయ్యాల్సిన ఫోల్డర్లేవైనా ఉంటే అక్కడ రాయాలి.

దాలయ్య ఫోల్డర్ అక్కడ రాశాను.

దాలయ్య నా భర్త. తుఫాను రోజున మేమంతా బస్సుల దగ్గర నిలబడి ఉంటే, పడవను పైకి లాగి కట్టొస్తానని ఒడ్డుకు వెళ్ళాడు. తడిసిపోతుందని ఫోను ఇంటి గూట్లో పెట్టి వెళ్ళాడు. అతని కోసం ఇంటికెళ్ళి చూసి, నేను దాన్ని కొంగున కట్టుకుని వచ్చి బస్సెక్కాను. ఆ పడవలో సగం వాటా కామేశుది. అతను మా పక్కింటి ఎర్రయ్య మావ కొడుకు, దాలయ్యను అన్నా అని పిలిచేవాడు. అతను కూడా ఒడ్డుకు వెళ్ళాడు. ఇద్దరూ రాలేదు.

దాలయ్యే పిలిచాడా, కామేశే తనంతట తాను వెళ్ళాడా అనేది ఎవరికీ తెలియదు. ఊళ్ళో గుసగుసగా ఒక మాట అనుకున్నారు, నా ముందు అనలేదు. ఎర్రయ్య మావ ఎప్పుడూ అడగలేదు. నేను ఆ ఫోల్డర్ ఎప్పుడూ తెరవలేదు. ఎవరో వాళ్ళ పిల్లాడి ఫోటో కోసం వెతుకుతుంటే, దాలయ్య మాట ఒకటి తెర మీద ప్రత్యక్షమైతే చూడగల శక్తి నాకు లేదు.

వైశాఖ శుద్ధ చవితి

సూచిక సగం దాటింది. నేను కూడా వంతు ప్రకారం నీళ్ళు మోస్తున్నాను. చీకటి విడవకముందే వెళ్ళి సైరన్‌లోగా రెండు బిందెలు తెస్తే గొప్ప. ఎవరూ విసుక్కోవడం లేదు. ఎంతవరకూ వచ్చిందని దారిలో అడుగుతున్నారు.

మధ్యాహ్నం డిస్కుల పెట్టెలోంచి గట్టిగా గీరిన చప్పుడు వినబడింది, తర్వాత నిశ్శబ్దం. ఒక డిస్కు పోయింది. మళ్ళీ లేపడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. లేవలేదు. మొదటి బస్సులో వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ దాంట్లో ఉన్నాయి. దమయంతి వాళ్ళు మొదటి బస్సులో వచ్చారు.

పొద్దు వాలాక నేనే వెళ్ళి చెప్పాను. అప్పుడామె చెరిగిన బియ్యాన్ని డబ్బాలో పోస్తోంది. విన్నాక కూడా పొయ్యడం ఆపలేదు. ఆమె చెల్లెలు నీలవేణి కొండెక్కిన మొదటి వేసవిలోనే వడదెబ్బకు పోయింది. పెళ్ళి కూడా కాలేదు. ఆ పిల్ల బొమ్మ ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు. డబ్బా మూత పెట్టాక, మిగతా డిస్కులు ఎలా ఉన్నాయని అడిగింది. నడుస్తున్నాయన్నాను. అయితే వెళ్ళి చూసుకో, ఇక్కడెందుకు నిలబడ్డావంది.

వైశాఖ శుద్ధ నవమి

సూచిక పూర్తయింది. గడిలో పేరు కొట్టి వేలు తీసేలోగా జవాబులు వరసకడుతున్నాయి. నాకే నమ్మకం కలగలేదు.

కొన్ని కిటుకులు తెలిశాయి. ఫోన్లలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నవి. పూర్తి పేరు కొడితే దొరకదు, మధ్యలో ముక్క కొడితే దొరుకుతుంది. ఏమీ గుర్తులేనివాళ్ళకు నెల అడిగి, ఆ నెలలో తీసిన వీడియోలు మాత్రమే చూపించమంటే చూపిస్తుంది. చిరంజీవమ్మ అనే ఆవిడ తన పెళ్ళి వీడియో కోసం పోయిన ఏడాది పదిసార్లు తిరిగింది. ఇవాళ ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చునేలోగా దొరికింది. ఇంత తొందరగా వస్తుందనుకోలేదమ్మా, నేనింకా మనసు దిటవు చేసుకోలేదంటూ ఏడ్చింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇదివరకు రోజంతా వెతికేవాళ్ళం. వెతికే దారిలో ఎవరెవరివో ఇళ్ళు, వాకిళ్ళు, ఆరేసిన చేపలు, అన్నీ చూస్తూ నెమ్మదిగా చేరేవాళ్ళం. ఇప్పుడు పోయినవాళ్ళు తలుపు తట్టకుండా వచ్చి ఎదురుగా నిలబడుతున్నారు.

సాయంత్రం ఎర్రయ్య మావ వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆయన భార్య బండెమ్మత్త నాలుగేళ్ళ కిందట ఇక్కడే పోయింది. ఆయనకు అప్పట్లో ఉన్నది మీటల ఫోను, దాంట్లో ఏమీ లేవు. కామేశు ఫోను కామేశుతోనే సముద్రంలోకి వెళ్ళింది.

ఫోటోలు వద్దన్నాడు. “మొకం గేపకముంది నాకు. గొంతుకే పోనాది. ఒక్క మాటైనా సాలమ్మా.”

కామేశు పేరు ముక్కలు ముక్కలుగా కొట్టి చూశాను. పక్కవాళ్ళ ఫోల్డర్లలో ఫోటోలు వచ్చాయి, ఎవరి పెళ్ళిలోనో డప్పు ముందు ఆడుతున్న వీడియో వచ్చింది. అందులో డప్పు తప్ప ఏమీ వినబడదు. గొంతులు మాత్రమే చూపించమన్నాను. ఏమీ దొరకలేదని తెర మీద పడింది. మావకు చదువు రాదు. నేనే చదివి చెప్పాను. సరేనమ్మా అని లేచాడు.

ఏమీ దొరకలేదనడం నిజమే. వెతకవద్దని నేను చెప్పిన చోట తప్ప అన్నిచోట్లా వెతికింది మరి.

వైశాఖ శుద్ధ త్రయోదశి

ఇవాళ ఆ వరసలోంచి దాలయ్య ఫోల్డర్ తీసేశాను. చిన్న ఫోల్డర్. సూచికలో కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. కామేశు పేరు కొట్టి, గొంతులు అని అడిగాను. వచ్చాయి.

కామేశు ఫోన్లో మాట్లాడి దాలయ్యకు పంపినవి ఏడెనిమిది ఉన్నాయి. వల చిరిగిందని, మంచు గడ్డలు తెమ్మని, ఎవరి మీదనో వేళాకోళం. వాటి కింద, తుఫాను రోజు తేదీతో రెండున్నాయి. ఒకటి దాలయ్య పంపింది. ఇంకోటి దానికి జవాబు.

తలుపు గడియ పెట్టుకుని విన్నాను. దాలయ్య గొంతు వెనక గాలి ఈలలేస్తోంది. “ఒరే కామేశూ, పడవ తాడు తెంపుకునీలాగుంది. నానొక్కణ్ణీ లాగనేను. రారా.”

అతనే పిలిచాడు. ఊళ్ళోవాళ్ళు అనుకున్నదే నిజం.

జవాబు కూడా విన్నాను. దాని పక్కన, ఇంకా వినలేదనే గుర్తు ఉంది. అది వచ్చేసరికి దాలయ్య ఫోను గూట్లో పెట్టి వెళ్ళిపోయి ఉంటాడు. ఇన్నేళ్ళకు దాన్ని మొట్టమొదట విన్నది నేను.

వైశాఖ పౌర్ణమి

మావను పిలిపించాను. పాతవి, వల గురించీ మంచు గురించీ ఉన్నవి, వరసగా వినిపించాను. ఆఖరి రెండూ వినిపించలేదు. ఆయన తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని అన్నీ విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను.

“ఇది మావోడి గొంతుక కాదమ్మా,” అన్నాడు.

కామేశుదేనని చెప్పాను, పేరు కూడా ఉందన్నాను. ఆయన నామీద కోపం తెచ్చుకోలేదు. మావాడిది ఇంత సన్నగొంతు కాదని, వాడు మాట్లాడితే ఒడ్డు మొత్తం వినబడేదని అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మనసులో ఆ గొంతు ఎంతగా మారిపోయిందో. నీది తప్పుకాదులే, పరాయివాడి మాటలు నా వాటాలో పెట్టొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

వైశాఖ బహుళ సప్తమి

దమయంతి చెల్లెలి కోసం అందరూ వస్తున్నారు. నేను పిలవలేదు. చిరంజీవమ్మ మొదలుపెట్టింది. మా ఫోటోల్లో ఎక్కడో ఒక మూల నీలవేణి నిలబడి ఉండదా, చూస్తానంది. గడిలో నీలవేణి పేరు కొడితే ఏమీ రాలేదు. పేరు రాయని ముఖాన్ని ఈ కంప్యూటర్ గుర్తుపట్టలేదు. అందుకని పాత పద్ధతిలోనే ఒక్కొక్కటీ తెరిచి కళ్ళతో చూస్తున్నారు. డిస్కు మూలుగుతోంది, అయినా ఎవరినీ ఆపాలనిపించలేదు. సైరన్ మోగినప్పటినుంచి పొద్దు వాలేదాకా గది నిండా మనుషులు. ఇది ఫలానావాళ్ళ వాకిలి కదూ, ఈ కుక్క పేరేమిటి అంటూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఇవాళ దొరికింది. ఎవరో కొత్త వలకు పసుపు పెడుతున్న ఫోటో. వెనకాల నీళ్ళ బిందెతో ఒక పిల్ల వెళ్తోంది. మొహం అటు తిరిగి ఉంది. జడ, భుజం, బిందె పట్టుకున్న చెయ్యి అంతే. ఆ జడ తనే వేసిందని దమయంతి అంది. తెర ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఇటు తిరగమ్మా అని మెల్లగా, దాన్ని పిలిచినట్టే అంది.

అందరూ వెళ్ళాక నేను ఆలోచించాను. ఒక జడ కోసం ఇంతమంది ఇన్ని రోజులు కూర్చున్నారు. నా దగ్గర ఒక మనిషి కొడుకు గొంతు ఉంది. వినిపించకపోతే ఎవరికీ తెలియదు, వానలకు పోతుంది. దాలయ్య పేరు కూడా నిలబడుతుంది.

వైశాఖ బహుళ ద్వాదశి

రేపు కంప్యూటర్ కోసం లారీ వస్తుందని కబురు. పొద్దున్నే వెళ్ళి ఎర్రయ్య మావను చెయ్యి పట్టి తీసుకొచ్చాను. ఇంకొకటుంది మావా, అది నీకు వినిపించలేదు అని చెప్పాను. ఎందుకని అడగలేదు. కూర్చున్నాడు.

కామేశు జవాబు పెట్టాను. చాలా చిన్నది. ముందు గాలి హోరు. “వత్తన్నానన్నా, నువ్వు దిగీకు, నానొచ్చీదాకా ఆగు.” అంతలో వెనకనుంచి ఒక ఆడగొంతు: “ఒరే, అన్నం కలిపినానురా, ఎక్కడికి?” ఫోను పక్కకు తిప్పినట్టు కామేశు గొంతు దూరమైంది. “అబ్బ, ఇప్పుడే వచ్చేత్తానే.” అక్కడితో ఆగిపోయింది.

మావ కళ్ళు తెరిచాడు.

“అది మీ యత్త,” అన్నాడు.

అవునన్నాను. మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి నవ్వు లాంటిదొకటి ఆయన మొహంలోకి వచ్చి ఆగింది. “అది పిలిత్తే అలా ఇసుక్కుంటా పలికీవోడు మావోడే. ఇంకెవుడు పలుకుతాడమ్మా.” ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాడు. నేను నీళ్ళు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

కొంతసేపటికి, ఎవరికి చెబుతున్నాడు ఆ మాట అని అడిగాడు. ఆయనకు తెలియక కాదు. నా నోటితో చెప్పాలని అడిగాడనిపించింది. దాలయ్యకి అన్నాను. దాలయ్య రమ్మని పిలిచాడని, అది కూడా ఇందులో ఉందని, వింటావా అని అడిగాను. తల ఊపాడు.

విన్నాడు. రారా అనే మాట దగ్గర ఆయన వేళ్ళు గ్లాసు మీద బిగిశాయి. అయిపోయాక నేను తలెత్తలేదు. తిడితే పడదామనుకున్నాను. కొండెక్కినప్పటినుంచీ ఆ తిట్ల కోసమే ఎదురుచూస్తున్నానేమో కూడా.

“మావోడు వత్తన్నానన్న మాట దాలయ్య ఇన్నాడా?” అని అడిగాడు.

వినలేదని చెప్పాను. గుర్తు చూపించాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఎవడైనా వస్తున్నాడని తెలియకుండానే వాడు నీళ్ళల్లోకి దిగాడన్నమాట అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఆ రెండూ నా వాటాలో పెట్టమ్మా. పక్కపక్కనెట్టు. ఏరేరుగా ఉంటే మళ్ళీ ఒకడికోసం ఒకడు ఎతుక్కోవాల.”

చిన్న పెట్టెను తగిలించి, ఆయన వాటాలో కొత్త ఫోల్డర్ ఒకటి చేశాను. రెండిటినీ అందులోకి ఎక్కించాను. ఫోల్డర్‌కు పేరు అడుగుతోంది, ఏం పెట్టమంటావు మావా అన్నాను. కామేశు పేరు చెబుతాడనుకుని అక్షరాల మీద వేళ్ళు కూడా పెట్టాను.

పడవ పేరు చెప్పాడు.